తథాస్తు అననందుకు

మా వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. బూతులు రాసినందుకు కాదు, ఎవరి కులమో పార్టీయో ఎత్తినందుకు కాదు. "ఇది ఎక్కడ చూశారు?" అని అడిగినందుకు. ఆ మాట ఇప్పుడూ అడుగుతాను, రేపూ అడుగుతాను. ఎందుకో తెలియాలంటే మొదట్నుంచీ చెప్పాలి.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా వంటింట్లో పెనం మీద దోసె వేసి అట్లకాడ పట్టుకుని నిలబడ్డాను. గట్టు మీద ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. ఆ గ్రూపులో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ ఉంటారు. మామూలుగా ఆ వేళకి కరివేపాకు మొక్క ఎవరిస్తారు, పిల్లలకి ఈత ఎవరు బాగా నేర్పుతారు, ఇంతకు మించి ఏమీ ఉండదు. ఆ రోజు ఒక బొమ్మ వచ్చింది. ఒకవైపు చార్మినార్, ఇంకోవైపు ఒపేరా హౌస్, మధ్యలో రెక్కలు చాచిన విమానం, దాని వెనక ఏదో విమానాశ్రయం. కింద పెద్ద పెద్ద అక్షరాలతో, హైదరాబాద్ నుంచి సిడ్నీకి డైరెక్ట్ ఫ్లైట్, వచ్చే నెల నుంచే అని ఉంది.

అది ఏ కంపెనీ విమానమో లేదు. వారంలో ఏ రోజు బయలుదేరుతుందో లేదు. టికెట్ ఎక్కడ కొనాలో లేదు. అయినా నేను దోసె తిరగేసేలోపు చప్పట్లు, దండాలు, ఆనందంతో ఏడ్చే పసుప్పచ్చ మొహాలు వచ్చి పడ్డాయి. ఒకరు తథాస్తు అన్నారు. ఆ వెనకే వరసబెట్టి అందరూ తథాస్తు అన్నారు. నేను ఎడంచేత్తో టైప్ చేశాను, "ఇది ఎక్కడ చూశారు?" అని.

తర్వాత గ్రూపు నడిపే పెద్దాయన దగ్గర్నుంచి మాట రికార్డింగ్ వచ్చింది. ఆయన మాకు దగ్గర్లోనే కెల్లీవిల్‌లో ఉంటారు, గోదావరి జిల్లా మనిషి, మేమందరం అంకుల్ అంటాం. "అదేంటమ్మాయ్, ఇంత మంచి మాట వస్తే నోరు తీపి చేసుకోవాలి గానీ ఇలా అడ్డు పుల్ల వేస్తావేంటి? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారమ్మా. నువ్వు కాదన్నావనుకో, వాళ్ళు సరే అంటే ఏం గాను?" గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. నేను ఒక్క ప్రశ్న అడిగినందుకు విమానం ఆగిపోతుందని ఆయన నిజంగానే భయపడ్డారు.

మా ఆయన కాఫీ తాగుతూ అదంతా విన్నాడు. "నీకెందుకే ఇయ్యన్నీ? అందరితోపాటు ఒక బొటనవేలు బొమ్మ కొట్టి పడెయ్, పీడా పోద్ది," అన్నాడు. మా అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసి, "అమ్మా, దట్స్ నాట్ ఈవెన్ అవర్ ఎయిర్‌పోర్ట్," అనేసి దోసె పట్టుకుని పోయింది. నేను బొటనవేలు కొట్టలేదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంతా బాగానే పనిచేస్తోందని ఎవరైనా చెప్తే నమ్మకుండా ఉన్నందుకే నాకు జీతం ఇస్తారు. ఆఫీసులో మంచి లక్షణమైనది ఇంటికి రాగానే పాడు బుద్ధి ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాళ్ళేమీ తెలివితక్కువ వాళ్ళు కాదు. ఇల్లు కొనేముందు గోడల్లో చెదలుందేమోనని మనిషిని పిలిపించి రిపోర్టు రాయించుకునే వాళ్ళు. పాల డబ్బా మీద తేదీ చూడకుండా బుట్టలో వెయ్యరు. బ్యాంకు పేరుతో మెసేజ్ వస్తే వేలు కూడా పెట్టరు. మోసం భయపెట్టే వేషంలో వస్తే మా వాళ్ళు వెంటనే పట్టేస్తారు. అదే సంబరం వేషంలో వస్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. కోరుకున్నది ఎదురొచ్చినప్పుడు నిజమా అని అడగడానికి ఎవరికీ మనసొప్పదు.

ఆ కోరిక చిన్నదేం కాదు. మా వాళ్ళ అమ్మలు ఇక్కడికి రావాలంటే మధ్యలో సింగపూర్‌లోనో ఇంకెక్కడో దిగి, ఇంకో విమానం ఎక్కాలి. భాష రాదు, బోర్డులు చదవలేరు. అందుకని అందరం ఒకటే పని చేస్తాం. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయిస్తాం. అప్పుడు విమానాశ్రయం మనిషి వచ్చి ఆవిడని కూర్చోబెట్టి, తోసుకుంటూ తీసుకెళ్ళి, రెండో విమానం ఎక్కిస్తాడు. మా అమ్మ కూడా అలాగే వచ్చింది. ఇంట్లో నిండు గ్యాస్ బండ దొర్లించుకునే మనిషి ఆ బండిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనూ కళ్ళు కలపకుండా బయటికి రావడం చూసి నాకు ఏడుపొచ్చింది. కాళ్ళున్న అమ్మలని కుంటివాళ్ళని చేసి తెచ్చుకుంటాం మేము. డైరెక్ట్ ఫ్లైట్ అనగానే మా వాళ్ళ గుండె ఎందుకు ఎగిరిందో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అయినా అడిగాను. అడగడానికి కారణం మా పక్కింటి అమ్మాయి.

మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక రేకు కంచె. ఆ అమ్మాయిది నల్గొండ. ఇక్కడ యూనివర్సిటీలో చదివి, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని మా పక్కకి వచ్చింది. అప్పటికి తొలి కాన్పు, ఆరో నెల నిండింది. తనకి తోడబుట్టిన వాళ్ళు లేరు. చిన్నప్పుడే నాన్న పోతే అమ్మే కిరాణా కొట్టు నడిపి పెంచింది. ఆ అమ్మ డిసెంబరు మొదట్లో రావడానికి వీసా వచ్చేసింది, సింగపూర్ మీదుగా టికెట్ కూడా కొన్నారు. జనవరిలో కాన్పు. బిడ్డ పుట్టేసరికి అమ్మ పక్కన ఉండాలి, ఆ అమ్మాయికి కావలసింది అదొక్కటే. గది సిద్ధం చేసి, అమ్మకి కింద కూర్చుని బిడ్డకి నీళ్ళు పోయడానికి వీలుగా బాత్రూంలో షవర్‌కి ఉన్న గాజు తలుపు కూడా పీకించేసింది.

ఆ అమ్మకి మాత్రం సింగపూర్ పీడకల అయిపోయింది. వీల్‌చైర్ అంటే అసలు ఒప్పుకోలేదు. ఒకసారి కంచె దగ్గర ఫోన్లో నాతో కూడా అంది. "నాకు కాళ్లు మంచిగున్నయ్ బిడ్డా. మంచిగున్న కాళ్లతోని బండిల కూసుంటే తథాస్తు దేవతలు ఊకుంటరా? ఈ కాళ్లు చాపుకొనే గద నేను మనుమడికో మనుమరాలికో నీళ్లు పొయ్యాలె." బియ్యం బస్తా ఒంటిచేత్తో జరిపే మనిషి చెప్పిన మాట అది. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అందుకే ఆ శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి కంచె మీంచి తల పెట్టి, మొహం వెలిగిపోతూ, "అక్కా, చూశిన్రా? మా అమ్మ ఇగ సింగపూర్ల దిగుడు లేదు. ఆడ ఎక్కుతది, ఈడ దిగుతది. ఆ టికెట్ క్యాన్సిల్ చేస్తున్నం," అనగానే నేను చేతిలో పని వదిలేసి కంచె దగ్గరికి నడిచాను.

"కొత్త టికెట్ కొన్నారా?" అన్నాను.

"ఇంకా ఓపెన్ కాలేదంట అక్కా. ఇంకో టూ వీక్స్‌లోపు క్యాన్సిల్ చేస్తేనే పాతది వాపస్ తీసుకుంటరు."

"చేతిలో ఉన్నది వదిలేసి లేనిదాని కోసం ఆగుతారా ఎవరైనా? ఒక్క వారం ఆగండమ్మా. నేను కనుక్కుంటాను."

కనుక్కున్నాను. మనవైపు ఎగిరే విమానాల కంపెనీల సైట్లన్నీ వెతికాను. విమానాశ్రయానికి ఫోన్ చేశాను. ఎవరో ఓపికగల ఆవిడ వెతికి చూసి, అలాంటిది తమ దగ్గర ఏమీ లేదని చెప్పింది. అదంతా తీసుకెళ్ళి ఆ అమ్మాయి భర్తకి చెప్పాను. మంచి కుర్రాడు, భార్యని కళ్ళలో పెట్టుకుని చూస్తాడు. నవ్వి, "అక్కా, వాళ్లకు ఇంకా తెల్వదు. ఇది ఇన్‌సైడ్ న్యూస్. నాకు మూడు గ్రూపులల్ల వచ్చింది, టెన్షన్ తీసుకోకుండ్రి," అన్నాడు. ఒకే బొమ్మ మూడు గ్రూపుల్లో తిరిగితే అతనికి ముగ్గురు సాక్షులు దొరికినట్టయింది. విమానాశ్రయానికే తెలియని విమానం మా గ్రూపుకి ఎట్లా తెలిసిందని అడిగితే, "మీరు మరీ నెగెటివ్ అక్కా," అని మళ్ళీ నవ్వాడు.

మరుసటి ఆదివారం పార్కులో సంబరం పెట్టారు. అవును, ఇంకా ఎగరని విమానానికి. బార్బెక్యూ పొయ్యి మీద అల్లం వెల్లుల్లి పట్టించిన చికెన్ కాలుతోంది. గుడ్లు పెట్టే కాలం కదా, మాగ్‌పై పిట్టలు నెత్తిన తన్నకుండా ఆంటీలు గొడుగులు పట్టుకున్నారు. బల్ల మీద విమానం ఆకారంలో కేకు, రెక్కల మీద జీడిపప్పు. మొదటి ఫ్లైట్‌లో అందరం ఒకే రంగు చొక్కాలు వేసుకుని వెళ్దామని ఒకాయన లెక్క వేస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ ముచ్చటే నన్ను భయపెట్టింది.

అంకుల్ నన్ను చూసి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. చేతికి కత్తి ఇచ్చారు. "నువ్వే కొయ్యాలమ్మాయ్. నువ్వు అన్న మాట నీ చేత్తోనే పోవాలి. తథాస్తు అని ఒక్క ముక్క కొయ్యి, అయిపోతుంది." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మంచివారు కాదని నేను అనను. తండ్రి ఆఖరి చూపుకి బయలుదేరి, మధ్యలో ఫ్లైట్ తప్పి, ఎక్కడో విమానాశ్రయం కుర్చీలో కూర్చుని అంతా ఫోన్లో చూసిన మనిషి. ఆయనకి ఆ విమానం కావాలి. ఎంతగా కావాలంటే, అది ఉందో లేదో అనవసరం అయిపోయింది.

నేను కత్తి బల్ల మీద పెట్టేశాను. "అంకుల్, ఆ విమానం నాకూ కావాలి. టికెట్ ఎక్కడ అమ్ముతున్నారో ఒక్కరు చూపించండి, మొదటి టికెట్ నేనే కొంటాను. లేనిదానికి మాత్రం తథాస్తు అనను," అన్నాను. గొంతు కొంచెం పెరిగింది. పెరగనిచ్చాను.

ఒక ఆంటీ నన్ను పక్కకి లాగి, "కడుపుతో ఉన్న పిల్ల ముందు కాదు, లేదు అనే మాటలేంటి? బుద్ధుందా?" అంది. తిరిగి చూస్తే ఆ పిల్ల అక్కడే ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కళ్ళ నిండా నీళ్ళతో. "మా అమ్మ రావుడు మీకు ఇష్టం లేదా అక్కా? ఎందుకు గిట్ల అంటున్నరు?" అంది.

ఆ మాట నన్ను కొట్టింది. బల్ల దగ్గర్నుంచి పక్కకి జరిగాను. చివరికి ఆ అమ్మాయి చేతే కేకు కోయించారు. అందరూ కలిసి తథాస్తు అన్నారు, ఫోటో తీసుకున్నారు. నేను ఆ కేకు తినలేదు. సాయంత్రానికల్లా గ్రూపులో నా పేరు లేదు. ఆ వారం ఆఖర్లో పాత టికెట్ రద్దు చేసేశారు.

నవంబరు వచ్చింది, జకరాండా చెట్ల పూలు రాలి వీధులు ఊదారంగుకి తిరిగాయి. విమానం మాత్రం రాలేదు. మా ఆయన ఫోన్లో గ్రూపు చూస్తూనే ఉన్నాను, ఇది అబద్ధమని ఎవరూ రాయలేదు, పొరబాటు పడ్డామని ఎవరూ అనలేదు. గ్రూపు ఇంకో సంబరంలోకి వెళ్ళిపోయింది, ఏదో మామిడిపళ్ళ ఓడ వస్తోందట. ఆ బొమ్మ పంపినాయన ఎవరో ఎవరికీ గుర్తు లేదు. అందరి నవ్వూ ఆ ఒక్క రోజుతో అయిపోయింది. పక్కింట్లో మాత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. డిసెంబరు అంటే ఇక్కడ బడి సెలవులు, అప్పటికే అన్ని విమానాలూ నిండిపోయాయి. ఏ దారిన వెతికినా జనవరి మూడో వారం దాకా సీటు దొరకలేదు. డాక్టరు చెప్పిన తేదీ అంతకు ముందే.

బిడ్డ ఆ తేదీ దాకా కూడా ఆగలేదు. కొత్త సంవత్సరం రాకముందే ఒక రోజు పొద్దున ఆ కుర్రాడు కంచె అవతలి నుంచి, "అక్కా!" అని పిలిచిన పిలుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

ఆసుపత్రి గదిలో ఒకవైపు భర్త, ఇంకోవైపు నేను. దిండు పక్కన నిలబెట్టిన ఫోన్లో అమ్మ. నల్గొండలో కొట్టు షట్టర్ ఇంకా ఎత్తలేదు, బియ్యం బస్తాల మధ్య కూర్చుని, "బిడ్డా, బిడ్డా," అంటోంది. నెట్ సరిగా లేక ఆమె మొహం మధ్య మధ్యలో బిగుసుకుపోయేది, నోరు తెరిచి ఉండగానే. ఆ అమ్మాయి నా చెయ్యి పిసికేస్తూ, నా వైపు చూడకుండా ఆ ఫోన్ వైపే చూసింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఇక్కడ బిడ్డ ఏడుపు మేమందరం విన్నాక కాసేపటికి గానీ అక్కడ ఆమెకి వినపడలేదు. వినపడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం గదిలో మేమిద్దరమే ఉన్నాం. బిడ్డ నిద్రపోతోంది. ఆ అమ్మాయి బిడ్డకి చుట్టిన గుడ్డ సర్దుతూ కూర్చుంది. చూశావా నేను చెప్పలేదా అనే మాట నా నోట రాలేదు, రానివ్వను కూడా. చివరికి తనే అంది.

"అక్కా, ఆ దినం మీరు ఇంకా గట్టిగ అరవాల్సి ఉండె."

నన్ను అందరూ ఎక్కువ మాట్లాడానన్నారు. మా ఆయన అన్నాడు, ఆంటీలు అన్నారు, గ్రూపు మొత్తం అంది. ఎవరికైతే నిజంగా నష్టం జరిగిందో, ఆ ఒక్క మనిషి మాత్రం నేను తక్కువ అరిచానంది. ఆ తర్వాత మిగతావాళ్ళ తీర్పు నాకు అక్కర్లేకపోయింది.

బాలింతకి పథ్యం వంటలు ఎవరు ఎప్పుడు పంపాలో మాట్లాడుకోవడానికి అంకుల్ నన్ను మళ్ళీ గ్రూపులో చేర్చారు. ఆయన మొదటి రోజే తన చేత్తో బీరకాయ కూర మోసుకొచ్చి, బిడ్డని చూసి, ఆ అమ్మాయి మొహం చూడలేక గుమ్మంలోంచే వెళ్ళిపోయారు.

జనవరిలో ఆ అమ్మ వచ్చింది. తీసుకురావడానికి నేను కూడా వెళ్ళాను. తలుపులు తెరుచుకున్నాయి. విమానాశ్రయం కుర్రాడెవరో తోస్తుంటే ఆమె వీల్‌చైర్‌లో వచ్చింది, ఒళ్ళో కాయం డబ్బా. అధికారులకి చూపించి, వాసన చూపించి, బతిమాలి తెచ్చుకుందట. బాలింత మొదటి రోజుల్లో తినాల్సిన కాయం. కూతురిని చూడగానే బండి ఆగకుండానే లేచి పరిగెత్తింది. తోసేవాడు కంగారుపడిపోయాడు. కాసేపయ్యాక నన్ను చూసి, కళ్ళు తుడుచుకుంటూ, "కూసున్న బిడ్డా. ఏం కాలే నా కాళ్లకు. గప్పుడే కూసోని రాకపోతిని," అంది. మర్నాడు ఆ గాజు తలుపు లేని బాత్రూంలో, ఆ కాళ్ళు చాపుకుని మనవరాలికి నీళ్ళు పోసింది. కానీ ఆమె రాకముందు జరిగిపోయిన రోజులు జరిగిపోయాయి. వాటిని ఎవరూ తెచ్చివ్వలేరు.

మొన్న మళ్ళీ వచ్చింది ఆ బొమ్మ. అదే చార్మినార్, అదే ఒపేరా హౌస్, విమానం రంగు మాత్రం మార్చారు. వచ్చే నెల నుంచేనట. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ దండాలు. నేను రాశాను, "ఇది ఎక్కడ చూశారు?" అని. అంకుల్ ఈసారి ఏమీ అనలేదు. కానీ ఎవరో ఒకాయన, "వచ్చారండీ నెగెటివ్ ఆంటీ," అన్నాడు. పదిమంది నవ్వారు. నవ్వుకోనివ్వండి.

ఆ నవ్వుల కిందే ఇంకో మెసేజ్ కనపడింది. మాకు దగ్గర్లోని గిరావీన్‌లో కొత్తగా దిగిన అమ్మాయి, పెళ్ళైన ఏడాదికి కడుపుతో ఉందని అందరికీ తెలుసు. "మా అమ్మకి మలేషియా మీదుగా టికెట్ ఉందండి. క్యాన్సిల్ చేసి దీనికోసం ఆగమంటారా?" అని అడిగింది. కింద తథాస్తులు అప్పుడే మొదలయ్యాయి.

నేను ఇంక టైప్ చెయ్యలేదు. పెరట్లోకి వెళ్ళి ఆ నంబరుకి ఫోన్ కలిపాను. కంచె అవతల మా పక్కింటి అమ్మాయి బిడ్డని భుజాన వేసుకుని బట్టలు ఆరేస్తోంది. తనూ ఆ మెసేజ్ చూసినట్టుంది. క్లిప్పు పట్టుకున్న చెయ్యి ఆపి, "గట్టిగ అక్కా," అంది.

అవతల ఫోన్ ఎత్తగానే, ఎవరు మాట్లాడుతున్నారో కూడా చెప్పకుండా, అరిచాను.